నింద మోసిన ఇత్తడి పొయ్యి

తెలుగువారి పాత ఇండ్లలో అటక అనునది ఒక చిన్న పురావస్తుశాల. తెగిన ఉయ్యాల గొలుసులు, చిల్లుపడిన గంగాళము, తాతగారి పేరు చెక్కిన మరచెంబు, మూత పోయిన కావడిపెట్టె - వీని నడుమ ఒక మూల మూడు కాళ్ళపై నిలిచి, పచ్చని చిలుము పట్టి, దుమ్ములో కూరుకొనియున్న వస్తువొకటి తఱచుగా కానవచ్చును. చేతికెత్తినచో ఇత్తడి బరువు తెలియును. ముక్కునకు దగ్గఱగా తెచ్చినచో ఎన్నడో ఇంకిపోయిన కిరసనాయిలు వాసన లీలగా తగులును. అది పంపు స్టవ్వు.

ఒకానొక కాలమున పట్టణములలోని మధ్యతరగతి గృహములకు అది తెల్లవాఱుజామున కోడికూత వంటిది. కట్టెల పొయ్యి రాజుకొనుటకు పట్టెడి వ్యవధిలో దీనిపై కాఫీకి నీళ్ళు కాగెడివి. అద్దె వాటాలలో పొగ పోవుటకు దారిలేని వంటగదులకును, బదిలీలపై ఊరూరు తిరుగు ఉద్యోగుల సంసారములకును, గది తీసికొని చేతివంటతో చదువుకొను విద్యార్థులకును అదియే అన్నపూర్ణ. నడిరేయి పసిబిడ్డకు పాలు వెచ్చజేయవలసి వచ్చినప్పుడు తల్లి చేయి దాని పంపు మీదికే పోయెడిది. కోస్తాలో కిరసనాయిలు అన్నను, తెలంగాణమున గ్యాసునూనె అన్నను దాని ఆహారమొక్కటే. బుస్సుమనెడి దాని పలుకును ఒక్కటే.

అట్టి పొయ్యి అటకెక్కినది. 1965లో ఇండియన్ ఆయిల్ సంస్థ ఇండేన్ అను పేరుతో వంటగ్యాసును ఇండ్లకు అందించుట మొదలుపెట్టెను. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దీపం పథకము క్రింద పేద మహిళలకు గ్యాసు కనెక్షనుల నిచ్చెను. 2016లో కేంద్ర ప్రభుత్వము ఉజ్జ్వల పథకమును ప్రారంభించెను. గ్యాసు బండ వంటింట అడుగుపెట్టిన కొలదిని పంపు స్టవ్వు వెనుకకు జరిగి, జరిగి, కడకు నిచ్చెన యెక్కినది. అయినను పని తీఱినంతమాత్రమున వస్తువునకు కథ తీఱదు. నేడు ఐరోపాలోను, అమెరికాలోను, భారతదేశములోను ఈ పాత ఇత్తడి పొయ్యిలను వెదకి తెచ్చి, మరమర విప్పి, శుభ్రపఱచి, మరల వెలిగించువారు కలరు.

చూచువారికి అది వట్టి వేడుకగా తోచును. ఇత్తడి మెఱుగు కొఱకు ఇంత శ్రమ యేల అని నవ్వువారును కలరు. కాని మెఱుగుపెట్టుట వేఱు, బాగుచేయుట వేఱు. బాగుచేయవలెనన్నచో ఆ యంత్రము ఏమి చేయగలదో, ఏమి చేయలేదో, ఏ భాగము చెడినచో ఏమి జరుగునో సాంతముగా తెలిసికొనవలెను. ఈ పొయ్యి విషయమున ఆ తెలివి వేడుకతో ముగియునది కాదు. ఏలయన, ఇది తాను చేయని నేరములను కూడ తలపై మోసిన వస్తువు.

దీని పుట్టినిల్లు స్వీడన్ దేశము. పంతొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున కిరసనాయిలు చౌకగా లభింపసాగిన పిదప ఆ నూనెతో వండెడి పొయ్యిలు పెక్కు వచ్చినవి. కాని అవి వత్తి పొయ్యిలు. వత్తి మంట పసుపుపచ్చనిది. దానివలన గిన్నెకు మసి, గోడకు మసి, వండువారి ముక్కునకు కంపు. 1892లో స్టాక్‌హోమ్ నగరమున ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్ట్ అను యంత్రకారుడు వత్తి లేని, మసి యెఱుగని పొయ్యి నొకదానిని రూపొందించెను. లోహపు పనివారు వాడెడి ఊదుదీపములలో నూనెను ఆవిరిగా మార్చి మండించెడి పద్ధతి అప్పటికే ఉండెను. దానిని వంటకు అనువుగా మలచుట లిండ్‌క్విస్ట్ ప్రజ్ఞ. జె. వి. స్వెన్సన్ అను భాగస్వామితో కలిసి అతడు ఈ పొయ్యిలను తయారుచేయసాగెను. వీనికి పెట్టిన పేరు ప్రైమస్. లాటిను భాషలో "మొదటిది" అని దాని యర్థము; సంస్కృతమునందలి ప్రథమ శబ్దమునకు అది దూరపు చుట్టము.

ఆ పేరు భూగోళమంతయు తిరిగినది. 1911 డిసెంబరు 14న దక్షిణ ధ్రువమును చేరిన రోఆల్డ్ అముండ్‌సెన్ బృందమునకు మంచును కరగించి నీరిచ్చినది ప్రైమస్ పొయ్యియే. 1953 మే 29న ఎవరెస్టు శిఖరము నెక్కుటకు ముందు, చిట్టచివరి గుడారమున ఎడ్మండ్ హిల్లరీ మేల్కొని చూచుసరికి అతని బూట్లు గడ్డకట్టి ఱాళ్ళవలె నుండెను. వానిని ప్రైమస్ మంటపై కాచి మెత్తపఱచుకొనిన తరువాతనే అతడును, టెన్సింగ్ నార్కేయును కదలిరి. విదేశముల నుండి వచ్చిన ఈ నమూనానే పిమ్మట భారతీయ కర్మాగారములును తయారుచేసినవి. ఎక్కడ పుట్టిన పొయ్యి యైనను తెలుగువారి నోట అది పంపు స్టవ్వే; కొందఱు పెద్దలకు మాత్రము కడవఱకు "ప్రైమస్సే."

ఈ పొయ్యి రహస్యము ఒక్క మాటలో చెప్పదగినది: ఇందు నూనె నూనెగా మండదు. పంపుతో ట్యాంకులోనికి గాలి కొట్టగా, ఆ గాలి నూనె నొత్తును. నూనె నిలువు గొట్టము గుండ పైకెక్కి బర్నరులోని వంకర గొట్టములను చేరును. అవి మంటకు కాలియుండుటచేత నూనె ఆవిరియగును. ఆ యావిరి నిపుల్ అనెడి చిన్న మరకున్న రంధ్రము గుండ వేగముగా వెలువడి, చుట్టునున్న గాలిని తనతో కలుపుకొని నీలముగా మండును. ఆ రంధ్రము మిల్లీమీటరులో సుమారు మూడవవంతు. ఆ మంటలో కొంత వేడి బర్నరునకే తిరిగి చేరి, వెనుక వచ్చు నూనెను ఆవిరి చేయుచుండును. అనగా ఈ పొయ్యి ఇతరులకు వండుటకు ముందు తన యాహారమును తానే వండుకొనును.

కాని మొట్టమొదట దానిని వేడిచేయువారెవరు? అందుకే బర్నరు క్రింద చిన్న పళ్ళెమొకటి అమర్చిరి. దానిలో స్పిరిట్ పోసి వెలిగించి, బర్నరు బాగుగా కాలిన తరువాతనే పంపు కొట్టవలెను. కిరసనాయిలు సుమారు 150 నుండి 300 డిగ్రీల సెంటిగ్రేడు నడుమ మరగును. బర్నరు ఆ వేడికి రాకమునుపే తొందరపడి పంపు కొట్టినచో ఆవిరికి మాఱుగా పచ్చినూనెయే చిమ్మి, నిలువెత్తు పసుపుమంట లేచును. పొయ్యితో తొలి పరిచయము కలవారెల్ల ఎన్నడో యొకనాడు చూచి ఉలికిపడిన దృశ్యమిది. దానిని అణచుటకు ఉపాయమును పొయ్యియందే కలదు. నూనె పోసెడి మూతపై చిన్న గాలిమర యుండును. దానిని వదులు చేయగనే లోపలి గాలి తుస్సుమని పోయి, మంట అడగిపోవును. ఈ పాత పొయ్యిలలో పెక్కింటికి మంటను తగ్గించుటకును, ఆర్పుటకును ఆ మరయే కళ్ళెము.

ఇంత తెలిసిన తరువాతనే బాగుచేయువాడు పనిముట్టు పట్టును. మొదటి దినమున అతడు చేయు పని చూచుట మాత్రమే. ట్యాంకుపై ముద్రలను, అక్షరములను గుడ్డతో మెల్లగా తుడిచి చదువును. 1911 నుండి ప్రైమస్ పొయ్యిలపై ఏటికొక గుఱుతుగా అక్షరము ముద్రించెడివారు. ఆ యక్షరమే దాని జన్మపత్రిక. ఇసుకతోనో, బొగ్గుపొడితోనో కసిగా తోమినచో పొయ్యి మెఱయును గాని జాతకము చెరిగిపోవును. సొట్టలను, పాత మాట్లను కూడ అతడు గమనించును. అడుగున బొటనవ్రేలంత సీసపు మాటు కనబడినచో, అది ఎన్నడో బజారు వీథి మూలను గొడుగులు, తాళములు, పెట్రోమాక్సు దీపములు బాగుచేయుచు కూర్చున్న పనివాని చేతి గుఱుతు. అది కాఱకున్నచో దానిని కదలింపడు. పొయ్యి చరిత్రలో ఆ మాటును ఒక పుట.

పిదప పంపు విప్పును. కడ్డీ కొసను తోలు వాషరు గిన్నెవలె బోర్లించియుండును. దశాబ్దములు నూనె యెఱుగక అది ఎండి, ముడుచుకొని, గొట్టమునకు అంటక ఆడుచుండును. అట్టి పంపును ఎంత కొట్టినను గాలి లోనికి పోదు. ఒకరాత్రి నూనెలో నానబెట్టి, అంచులను వ్రేళ్ళతో మెల్లగా విప్పార్చినచో పెక్కుమార్లు ఆ తోలే మరల జీవించును. ఏబది, అఱువది యేండ్లనాటి తోలు ఒక గరిటెడు నూనెకు మెత్తబడి, మొదటి దెబ్బకే అరచేతిని వెనుకకు నెట్టెడి క్షణము ఈ పనిలోని మొదటి సంతోషము.

పంపు గొట్టము అడుగున ఇంకొక చిన్న కవాటము కలదు. గాలిని లోనికి పోనిచ్చి, నూనెను వెలికి రానీయనిది అది. దానియందు స్ప్రింగుచే నొత్తబడిన చిన్న బెరడుముక్కయో, రబ్బరుముక్కయో ఉండును. అది చిట్లినచో కొట్టిన పంపు తనంతట తానే పైకి లేచును. ఆ వెనుకనే కిరసనాయిలు పంపు గుండ ఉబికివచ్చును. మండుచున్న పొయ్యి ప్రక్కను నూనె కాఱుట ఎంత ప్రమాదమో చెప్పనక్కఱలేదు. ఆ కవాటమును ఊడదీయుటకు పొడవైన ప్రత్యేకపు రెంచి కావలెను. లేనిపోని పనిముట్లతో పెనగినచో మెత్తని ఇత్తడి గాట్లు పడి, కవాటము మఱి కదలదు. గవ్వ విలువ చేయని ఆ రబ్బరుముక్కపై ఇంటివారి ప్రాణములు ఆధారపడియుండెనని తెలిసినప్పుడు, పొయ్యి యెడల గౌరవముతోపాటు కొంత భయమును కలుగును. ఆ భయము మంచిది.

మూత క్రింది వాషరును మార్చవలెను. బర్నరు నిలువు గొట్టముపై కూర్చుండు చోట సీసపు వాషరు కొత్తది వేయవలెను. వేడికి రబ్బరు తాళలేదు, సీసము తాళును. బర్నరు లోపల నూనె కాలి పేరుకొనిన మసి గట్టి బొగ్గువలె నుండును. దానిని వదలించుటకు బర్నరును వేఱుచేసి ఎఱ్ఱగా కాల్చి నీటిలో ముంచుట అనుభవజ్ఞులు చేయు పని. నిపుల్ రంధ్రమును పిన్నుతో తెఱచుట ఇల్లాండ్రందఱును ఎఱిగినదే. రేకుముక్కకు సన్నని తీగ అమర్చిన ఆ పిన్నులు ఒకప్పుడు ప్రతి కిరాణా కొట్టులోను దొరకెడివి. కాని పిన్నును మొరటుగా త్రిప్పి త్రిప్పి రంధ్రమును పెద్దది చేసినచో నూనె ఎక్కువై, గాలి చాలక, మంట పచ్చబడి మసి పట్టును. కొలత తప్పిన రంధ్రమునకు మందు లేదు, నిపుల్ మార్చుటయే.

ట్యాంకునకు చిల్లి యున్నదేమో తెలిసికొనుటకు పాత సైకిలు ట్యూబునకు చేసెడి పరీక్షయే చేయుదురు. కొలదిగా గాలి కొట్టి నీటిలో ముంచినచో బుడగలు వచ్చిన చోటు చిల్లిని చూపును. మాటు వేయవలసి వచ్చినచో మఱింత జాగ్రత్త యవసరము. ఖాళీ ట్యాంకులో మిగిలియున్న నూనె ఆవిరి నిండు ట్యాంకుకంటె ప్రమాదకరము. దానిని పలుమార్లు కడిగి, నీరు నింపి, కొద్దిపాటి చోటు మాత్రమే వెలిబుచ్చి పని చేయవలెను. సీసము, తగరము కలిసిన మెత్తని టంకము 183 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే కరగనారంభించును గనుక మంట చూపుటలో ఏమాత్రము తొందరపడినను పాత అతుకులు కూడ ఊడివచ్చును.

అన్నిటికంటె కడపట తోముట. తెలుగిండ్లలో ఇత్తడికి చింతపండే మందు. దానిలోని పులుపు చిలుమును కరగించును. కాని పులుసులో రాత్రంతయు నానబెట్టినచో ఇత్తడిలోని జింకు కొంత కరగి, రాగి పైకి తేలి, పచ్చని లోహము గులాబి ఛాయకు తిరుగును. ఇంకొక శత్రువు అమోనియా. ఇందుకొక కథ కలదు. బ్రిటిషువారి కాలమున భారతదేశములోని సైన్యము వానకాలమున తుపాకిగుండ్ల ఇత్తడి తొడుగులను గుఱ్ఱపుశాలలలో దాచెడిది. వాన వెలిసిన పిదప చూచినచో, ఎవరును తాకకుండగనే ఆ తొడుగులు పగిలియుండెడివి. ఋతువును బట్టి వచ్చెడి పగులు గనుక ఆంగ్లేయులు దానికి ఆ యర్థము వచ్చునట్లే పేరు పెట్టిరి. గుఱ్ఱముల మూత్రము నుండి లేచిన అమోనియా, సాగదీసి మలచిన ఇత్తడిలో దాగియున్న బిగువుతో కలిసి దానిని చీల్చుచున్నదని 1921లో లోహశాస్త్రజ్ఞులు తేల్చిరి. స్టవ్వు ట్యాంకును అట్లు సాగదీసి మలచిన ఇత్తడి రేకే. కావున అమోనియా కలిసిన పాలిషులను దానిపై వాడరాదని జాగ్రత్తపరులు చెప్పుదురు. లోపము కనులకు కనబడకుండ లోహములో ఏండ్ల తరబడి దాగియుండవచ్చును. కాని పగిలిన నాడు ఆ పగులు తన కారణమును తానే చెప్పును. ఇత్తడికి అబద్ధమాడుట తెలియదు.

ఈ పొయ్యిపై మొదటి పెద్ద అభియోగము ఉత్తర ధ్రువ ప్రాంతమునుండి వచ్చినది. 1897 జూలై 11న స్వీడన్ దేశస్థులు ముగ్గురు - ఆండ్రే, స్ట్రిండ్‌బెర్గ్, ఫ్రెంకెల్ - హైడ్రోజన్ బెలూనులో ధ్రువమునకు బయలుదేఱి మంచుకడలిలో అదృశ్యులైరి. ముప్పది మూడేండ్లకు, 1930 ఆగస్టులో, నార్వే దేశపు నౌక యొకటి శ్వేతద్వీపమున వారి యవశేషములను కనుగొనెను. వారి సామగ్రిలో ప్రైమస్ పొయ్యియు ఉండెను. ట్యాంకులో కిరసనాయిలు ఇంకను మిగిలియుండెను. పంపు కొట్టగా నూనె బర్నరునుండి చిమ్మినది. ఆ ముగ్గురును ఎట్లు మరణించిరి? గుడారపు ద్వారము మూసికొని పొయ్యి వెలిగించుటచే విషవాయువు నిండి మరణించిరని ధ్రువాన్వేషకుడు స్టెఫాన్సన్ వాదించెను. కాని స్ట్రిండ్‌బెర్గ్ మృతదేహమును తక్కిన యిద్దఱు ఱాళ్ళ సందున ఖననము చేసిరి గదా! అతనిని పొయ్యి చంపినచో ఆ ప్రక్కను నిద్రించినవారిని ఏల విడిచినది? ధ్రువపు ఎలుగుగొడ్డు మాంసములోని పురుగుల వలన కలిగిన వ్యాధియే కారణమని 1952లో ఒక డేనిష్ వైద్యుడు వ్రాసెను. నేటికిని ఏకాభిప్రాయము లేదు. గాలి చొరని చోట ఏ మంటయు మంచిది కాదనుట సత్యము. కాని పొయ్యి ప్రక్కను శవము కనబడినంత మాత్రమున పొయ్యియే హంతకి యనుట విచారణ కాదు.

ఆ నీతి తెలుగునాటికిని, యావద్భారతమునకును ఎంతో అవసరమై యుండెను. 1970, 1980 దశకములలో స్టవ్వు పేలి వివాహిత మరణించెనను వార్త పత్రికలలో వాడుక మాటయైపోయినది. నాలుగు పంక్తుల వార్త. పేరు, వయస్సు, ఊరు. చదువువారు నిట్టూర్చి పుట త్రిప్పెడివారు. వానిలో నిజమైన ప్రమాదములు లేకపోలేదు. నేలపై కూర్చుండి వంట, జాఱిన పమిట చెఱగు, నిప్పు తగిలినంతనే కరగి ఒంటికంటుకొనెడి కృత్రిమపు నూలు చీర - ఇవి ఎందఱో ఇల్లాండ్రను నిజముగనే బలిగొన్నవి. అన్ని మరణములను హత్యలనుట అన్యాయము. కాని అన్నిటిని ప్రమాదములనుట అంతకంటె ఘోరము. పెండ్లియై రెండు మూడేండ్లైనను నిండని, కట్నము బాకీ తీఱని పిల్లల యిండ్లలోనే పొయ్యిలు పేలుచున్నవేమి? అత్తగారు, మామగారు, భర్త అదే యింట వండుకొని తినుచుండగా స్టవ్వు కోడలినే ఎంచుకొనుటకు దానికి కన్నులున్నవా? 1979లో ఢిల్లీ వీథులలోనికి వచ్చిన మహిళలును, ఆ దశకపు చివర హైదరాబాదున ఏర్పడిన స్త్రీశక్తి సంఘటన వంటి సంఘములును లేవనెత్తిన ప్రశ్న లివియే.

ఆడలేక మద్దెల ఓడన్న సామెత తెలుగువారిదే. కాని ఇక్కడ మద్దెలపై పడినది అపశ్రుతి నింద కాదు, ప్రాణము తీసిన నింద. ఈ సందర్భముననే పొయ్యిని విప్పి కూర్చినవాని తెలివి సాక్ష్యమగుచున్నది. ట్యాంకులో ఒత్తిడి పెంచునది చేతి పంపు. చేతి బలమునకు హద్దు కలదు. వెడల్పాటి గిన్నె పెట్టి మంటను క్రిందికి మళ్ళించినచో ట్యాంకు కాలి ఒత్తిడి హెచ్చుననుట నిజము. పెట్రోలు కలిసిన కల్తీనూనె మఱింత ప్రమాదము. కిరసనాయిలు ఆవిరి నిప్పందుకొనుటకు సుమారు 38 డిగ్రీల వేడియైనను కావలెను, పెట్రోలు ఆవిరికి గడ్డకట్టించు చలియైనను అడ్డు కాదు. మండుచుండగనే మూత విప్పి నూనె పోసినచో ఒత్తిడికి నూనె తుంపరలై మంటపై బడును. బర్నరు కాలకముందే పంపు కొట్టినచో మంట ఎగయును. ఇవన్నియు జరుగగలవి; జరిగినవి. కాని వీనిలో తఱచుగా జరుగునది మంట యెగయుటయే గాని ట్యాంకు పేలుట కాదు. ట్యాంకే పేలినచో అతుకు వీడును, అడుగు ఉబ్బును, రేకు చిరుగును. ఏ తోముడుకును ఆ గుఱుతులు పోవు. మూత బిగిసి, పంపు కడ్డీ నిటారుగా నుండి, ట్యాంకు చెక్కుచెదరక మూడు కాళ్ళపై నిలిచియున్న పొయ్యిని చూపి "పేలినది" అని చెప్పినచో, ఆ మాటను ఆ యిత్తడియే కాదనుచున్నది. దాని మాట నడుగువారు లేకపోయిరి, అంతియే.

క్రమముగా అడుగుట మొదలైనది. 1961లోనే వరకట్న నిషేధ చట్టము వచ్చినను, భర్తయు అతని బంధువులును పెట్టు క్రూరహింసను నేరముగా గుర్తించిన 498-ఎ సెక్షను 1983లో వచ్చినది. పెండ్లియైన ఏడేండ్లలోపల స్త్రీ అనుమానాస్పదముగా మరణించినచో శవపరీక్ష జరుగవలెనను నియమమును అదే సంవత్సరమున చేరినది. 1986లో వరకట్న మరణమును ప్రత్యేక నేరముగా నిర్వచించిన 304-బి సెక్షను ఏర్పడినది. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహితలో అది 80వ సెక్షను. చట్టములు వచ్చినవి; పంపు స్టవ్వు వంటింటిని విడిచిపోయినది; వరకట్న మరణములు మాత్రము విడిచిపోలేదు. పొయ్యి పోయిన తరువాతను ఆ మరణములు నిలిచియుండుటయే పొయ్యి నిర్దోషిత్వమునకు అన్నిటికంటె పెద్ద సాక్ష్యము. నేరము ఇత్తడిలో ఉండినచో ఇత్తడితోపాటు అటకెక్కియుండెడిది.

కావున పాత పొయ్యిని బాగుచేయువారు అందము కొఱకే ఆ పని చేసినను, తమకు తెలియకుండగనే ఒక జ్ఞానమును కాపాడుచున్నారు. దానిని వెలిగించువారు కొన్ని నియమములు మఱువరాదు. ఆరుబయట, గాలి తగులు చోట వెలిగింపవలెను. ట్యాంకును మూడువంతులకు మించి నింపరాదు. కిరసనాయిలు తప్ప వేఱు నూనె పోయరాదు. బర్నరును వేడిచేయుటకు పూర్వులు వాడిన ఆస్‌బెస్టాస్ చుట్టిన పాత తీగలను పాఱవేయవలెను. వాని ధూళి ఊపిరితిత్తులకు చేటు. మొదటి వెలుగునాడు ప్రక్కను తడి గోనెసంచి యొకటి ఉంచుకొనవలెను. చేయి ఎల్లప్పుడును గాలిమరకు అందుబాటులో ఉండవలెను.

ఇన్నియు అమర్చి, ఒక సాయంకాలము ఇంటి అరుగుపై ఆ పొయ్యిని నిలుపుదురు. పళ్ళెములో స్పిరిట్ కంటికి కనబడనంత లేతగా మండును. అది ఆఱవచ్చు వేళకు గాలిమర బిగించి, పంపు రెండు మూడు మార్లు మెల్లగా కొట్టుదురు. బర్నరు ఒకమారు దగ్గి, పచ్చని నాలుక చాచి, వెనుకకు తీసికొని, నీలముగా కుదుటపడును. ఏండ్ల తరువాత ఆ బుస్సుమను ధ్వని విని లోపలినుండి ఇంటి పెద్దలు వత్తురు. ఒక ముదుసలి తల్లి నవ్వి, తెల్లవాఱుజాము కాఫీని తలచుకొనును. ఇంకొక ముదుసలి నవ్వదు. ఎదురింటి వాటాలో కొత్తగా కాపురమునకు వచ్చి, పండుగకు పుట్టింటికి పోవలసిన వారమున పత్రికలో నాలుగు పంక్తులై పోయిన పిల్ల ఆమెకు జ్ఞప్తికి వచ్చును. ఆ పిల్ల మరణించిన మఱునాడు ఆ వాటాలో టీ కాచినది ఏ పొయ్యిపైననో ఆమె కన్నులార చూచినది. నాడు ఎవరును ఆమె నడుగలేదు.

పొయ్యి చుట్టు నిలిచిన పిల్లలు ఆమెను అడుగవలెను. మంట నీలముగా నిలిచియున్నంతసేపు ఆమె చెప్పును. పిదప ఎవరో గాలిమర త్రిప్పుదురు. లోపలి గాలి దీర్ఘముగా నిట్టూర్చి పోవును. ఇత్తడి చల్లబడుటకు చాలసేపు పట్టును.